‘మహమూద్’ — ఒక పేరు కథ

మన హాస్టళ్ళలో తరతరాలుగా చెలామణీ అవుతున్న మాట ఒకటుంది. ఒకే పేపరు కోసం సప్లిమెంటరీ మీద సప్లిమెంటరీ రాసే మిత్రుణ్ణి చూసి “గజనీ మహమ్మద్ దండయాత్రలు ఇంకా సాగుతున్నాయా?” అంటాం. ఆయన పదిహేడుసార్లు ఓడి పద్దెనిమిదోసారి గెలిచాడట, నువ్వూ గట్టెక్కుతావులే అని ధైర్యం కూడా చెబుతాం. ఈ మాటలో రెండు తప్పులున్నాయి. గజనీ నుంచి వచ్చిన ఆ సుల్తాను ఓడి ఓడి గెలిచినవాడు కాదు; వచ్చినప్పుడల్లా దాదాపుగా గెలిచి, దోచుకుని పోయినవాడు. కాశ్మీరు దారిలోని లోహ్‌కోట్ కోట మాత్రం రెండుసార్లు ఆయనకు లొంగలేదు. పదిహేడు అనే లెక్క కూడా ఇంగ్లీషు చరిత్రకారుడు సర్ హెన్రీ ఇలియట్ కట్టగా స్థిరపడినదే. ఇక రెండో తప్పు: ఆయన పేరు మహమ్మద్ కాదు, మహమూద్.

రెండో తప్పు చిన్నదే కదా, ఒక అక్షరం అటూ ఇటూ అయితే యేమిటని అడగవచ్చు. రంగయ్యకూ రంగారావుకూ తేడా లేదంటే మనం ఊరుకుంటామా? పైగా అరబ్బీలో ఇవి ఒకే పేరుకు రెండు ఉచ్చారణలు కావు, వేరు వేరు పేర్లు. ఆఫీసులో పేరు రాసుకునే గుమాస్తాకి ఈ సంగతి తెలియక పదో తరగతి సర్టిఫికెట్లో మహమూద్ కాస్తా మహమ్మద్‌గా మారిపోతే, ఆ కుర్రవాడు తర్వాత ప్రతి దరఖాస్తుకూ ఒక అఫిడవిట్ జత చేసుకుంటూ తిరగవలసి వస్తుంది. కాబట్టి కాస్త వ్యాకరణం చెప్పుకుందాం. భయపడనక్కరలేదు. ఈ వ్యాకరణంలో సగం మనకు తెలియకుండానే మన నాలుక మీద వుంది.

అరబ్బీ భాషలో మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువు నుంచి పుడతాయి. ఆ మూడు హల్లుల్నీ అలాగే వుంచి, మధ్య అచ్చుల్ని మార్చి, ముందూ వెనకా ఒక అక్షరం చేర్చి రకరకాల మాటలు చేస్తారు. మనం సంస్కృతంలో ధాతువుకు ప్రత్యయం చేర్చినట్టే. కాకపోతే అక్కడ ప్రత్యయం చివర అంటుకోవడంకంటే ధాతువు మధ్యలోకి దూరడం యెక్కువ. ‘హ–మ–ద’ అనే ధాతువుకు పొగడటం అని అర్థం. దాని నుంచి ‘హమ్ద్’ అంటే స్తుతి. ‘హామిద్’ అంటే స్తుతించేవాడు. ‘హమీద్’ అంటే స్తుతికి తగినవాడు. ‘అహ్మద్’ అంటే అందరికన్నా యెక్కువ స్తుతికి తగినవాడు. ‘మహమ్మద్’ అంటే మళ్ళీ మళ్ళీ స్తుతించబడినవాడు. మధ్యనున్న మకారం ద్విత్వం కావడంలోనే ఆ ‘మళ్ళీ మళ్ళీ’ వుంది. ‘మహమూద్’ అంటే స్తుతించబడినవాడు, అంతే. సంస్కృతంలో ‘క్త’ ప్రత్యయం చేసే పనిని ఇక్కడ ముందు ‘మ’, చివరి హల్లుకు ముందు ‘ఊ’ కలిసి చేస్తున్నాయి. వందిత, పూజిత, రక్షిత అని మన ఆడపిల్లలకు పేర్లు పెట్టుకుంటున్నామే, సరిగ్గా అలాంటి నిర్మాణమే.

ఈ ముందు ‘మ’, వెనక ‘ఊ’ అచ్చు మన ఇళ్ళలోకి యెప్పుడో వచ్చేసింది. ‘అమల్’ అంటే చేయడం. మనం ‘అమలు’ అంటున్నది దాన్నే. అదే ధాతువుకు ఈ అచ్చు పోస్తే ‘మామూల్’, అంటే చేయబడుతూ వస్తున్నది, అలవాటైనది. అదే మన ‘మామూలు’. ఆఫీసుల్లో బల్ల కింద చెల్లించేదానికి ఆ పేరే స్థిరపడిందంటే, మాట అర్థాన్ని మనవాళ్ళు యెంత సూక్ష్మంగా గ్రహించారో చూడండి! ‘జప్తు’ అంటే పట్టి వుంచడం. అదే ధాతువు నుంచి ‘మజ్బూత్’, గట్టిగా పట్టి వుంచబడినది. స్కాలర్‌షిప్పు ‘మంజూరు’ అయిందని సంబరపడతాం. అధికారిగారి చూపు పడినది అని దాని అసలు అర్థం. తెలంగాణలో మామూలుగా వినబడే ‘మాలూం’, ‘మషూర్’ అన్నీ ఈ అచ్చులో పోతపోసినవే: తెలియబడినది, ప్రసిద్ధి పొందినది.

పేర్లలోనూ అంతే. మహబూబ్ అంటే ప్రేమించబడినవాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీదే మహబూబ్‌నగర్ వుంది. మన్సూర్ అంటే విజయం ప్రసాదించబడినవాడు. మసూద్ అంటే అదృష్టం కలిగించబడినవాడు. మఖ్దూం అంటే సేవించబడినవాడు. మెదక్ జిల్లా అందోల్‌లో 1908లో పుట్టిన కవి మఖ్దూం మొహియుద్దీన్ మాత్రం జీవితమంతా కార్మికుల మధ్య పనిచేస్తూ గడిపాడు. పేరు సేవ చేయించుకోమంటే మనిషి సేవ చేశాడు. పేరుకూ మనిషికీ పొత్తు కుదరాలని యెక్కడా లేదు. ఈ సంగతి మహమూద్‌ల విషయంలో ఇంకా బాగా తెలుస్తుంది.

మహమూద్ అనేది ఇస్లాంకు ముందునుంచీ వున్న మాటేనని సంప్రదాయం చెబుతుంది. ప్రవక్త పుట్టిన కాలంలో, అంటే క్రీ.శ. 570 ప్రాంతంలో, అబ్రహా అనే సేనాని మక్కా మీదకు ఒక యేనుగును నడిపించుకుని వచ్చాడట. ఆ యేనుగు పేరు మహమూద్. మక్కా వైపు తిప్పితే మోకరిల్లి కదలలేదనీ, మరేవైపు తిప్పినా పరుగెత్తేదనీ ఆ కథ. ఈ పేరుగల ప్రముఖులలో కాలక్రమాన్ని బట్టి యేనుగుకే అగ్రపీఠం ఇవ్వాలి. తర్వాత ఖురానులో, పదిహేడవ అధ్యాయంలో, ‘స్తుతింపదగిన స్థానం’ అనే అర్థంలో ఈ మాట వచ్చింది. ఆ తర్వాత ముస్లిం ప్రపంచమంతటా ఇది బిడ్డలకు పెట్టుకునే పేరయింది. తురుష్కులు దీన్ని ‘మహ్ముత్’ అంటారు. వారి ‘మెహ్మెత్’ మాత్రం మహమ్మద్ నుంచి వచ్చింది. అక్కడా ఈ రెండింటినీ కలపకూడదు.

అరబ్బీ పద్ధతిలో పూర్తి పేరు ఒక చిన్న జీవితచరిత్ర. పుట్టినప్పుడు పెట్టిన పేరు ‘ఇస్మ్’. బిడ్డ పేరుతో ‘ఫలానావాడి తండ్రి’ అని పిలిచేది ‘కున్యా’. తండ్రి పేరు చెప్పేది ‘నసబ్’. ఊరునో తెగనో చెప్పేది ‘నిస్బా’. ఇది మన ఇంటిపేర్లకు దగ్గరి చుట్టం. బిరుదు ‘లకబ్’. ఉదాహరణకు ఒక పండితుడు: జారుల్లా అబుల్ ఖాసిం మహమూద్ ఇబ్న్ ఉమర్ అల్ జమఖ్షరీ. ఖాసిం తండ్రి, ఉమర్ కొడుకు, జమఖ్షర్ అనే ఊరివాడు, చాలాకాలం మక్కాలో వున్నందువల్ల ‘జారుల్లా’, అంటే దేవుడి పొరుగువాడు. ఇంతలో ఆయన సొంతపేరు మహమూద్ ఒక్కటే. 1075లో మధ్య ఆసియాలోని ఖ్వారజంలో పుట్టి 1144లో పోయిన ఈయన ఒక కాలు పోయి కొయ్యకాలుతో నడిచేవాడు. అరబ్బీ ఆయన పుట్టిన నేల భాష కాదు. అయినా ఆయన రాసిన ‘అల్ ముఫస్సల్’ అనే వ్యాకరణాన్ని అరబ్బులే శతాబ్దాల తరబడి పాఠంగా చదువుకున్నారు.

ఆయనకు కొంచెం ముందు ఇంకొక మహమూద్, కాష్గర్ వంశీకుడు, దీనికి తిరగేసిన పని చేశాడు. 1070లలో బాగ్దాదులో కూర్చుని తురుష్క భాషలకు అరబ్బీలో ఒక పెద్ద నిఘంటువు తయారుచేశాడు. పాలకులుగా వచ్చిన తురుష్కుల భాష పండితులకు అనాగరికంగా తోస్తున్న రోజులవి. ఈయన తురుష్క తెగల మాటలు, సామెతలు, పాటలు సేకరించి, వారి ప్రాంతాలకు గుండ్రని పటం కూడా గీశాడు. 1266లో యెత్తిరాసిన ఒకే ఒక్క ప్రతి ఇస్తాంబుల్‌లో, మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో పాత పుస్తకాల మధ్య బయటపడింది. అది దొరక్కపోతే వెయ్యేళ్ళ కిందటి తురుష్క జానపదం మనకు చాలావరకు తెలిసేది కాదు. మన బ్రౌన్ దొర తాటాకుల వేట తెలిసినవారికి ఈ కథ వింతగా తోచదు.

ఇక గజనీ సుల్తాను. ఆయనా అబుల్ ఖాసిం మహమూదే. తండ్రి పేరు సబుక్తగీన్. 971లో పుట్టి, 998 నుంచి 1030 వరకు యేలాడు. 1001లో పెషావరు దగ్గర జయపాలుణ్ణి ఓడించాడు. 1018లో మధుర, కనోజ్ కొల్లగొట్టాడు. 1025–26 చలికాలంలో యెడారి దాటి వచ్చి సోమనాథ ఆలయాన్ని ధ్వంసం చేశాడు. ధనంతోపాటు వేలాది మనుషుల్ని బానిసలుగా తరలించుకుపోయాడు. దీన్ని తగ్గించి చెప్పవలసిన అవసరం యెవరికీ లేదు. అదే సుల్తాను లాహోరులో 1027–28 సంవత్సరాల్లో వేయించిన వెండి నాణేల మీద ఒకవైపు అరబ్బీ, రెండోవైపు సంస్కృతం వున్నాయి. సంస్కృతంలో ఆయన ‘నృపతి మహమూద’. ఇస్లాం విశ్వాసవాక్యాన్ని సంస్కృతంలోకి మార్చే పండితుణ్ణి ఆ టంకశాల యెక్కడో సంపాదించింది! ఒక్క మాట గమనించండి. వెయ్యేళ్ళ కిందట ఆ పండితుడు మహమ్మదనీ మహమూదనీ ఒకే నాణెం మీద, వేరు వేరుగా, తప్పు లేకుండా చెక్కించాడు. మన పాఠ్యపుస్తకాలు మాత్రం ఆ రెండింటినీ కలిపేశాయి.

ఈ సుల్తాను కొడుకు పేరు మసూద్, అదృష్టవంతుడు. ఆయన 1040లో దందన్‌ఖాన్ యుద్ధంలో సెల్జూకుల చేతిలో ఓడి, మరుసటి యేడే చంపబడ్డాడు.

మన చదువుల్లో మహమూద్ అంటే ఇక్కడితో సరి. అందుకనే ఆ పేరుగల కుర్రవాడు తరగతిలో చేరితే వారం తిరక్కుండా అతనికి ‘గజనీ’ అని ముద్దుపేరు పడుతుంది. పిలిచేవారికి అది సరదా. పిలిపించుకునేవాడు కూడా నవ్వుతాడు, నవ్వక యేంచేస్తాడు? కానీ మన నేలతో గజనీకన్నా యెన్నో రెట్లు సంబంధమున్న మహమూద్ మరొకాయన వున్నాడు. ఆయన బీదరులో కళాశాల కట్టించాడు. చనిపోయింది కొండపల్లిలో. బొమ్మల కొండపల్లే!

ఖ్వాజా మహమూద్ గవాన్ ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతంవాడు. ‘గవాన్’ ఊరిపేరు. వర్తకుడిగా 1453లో కొంకణ తీరంలోని దాభోల్ రేవులో దిగాడు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. బీదరులో బహమనీ సుల్తాను కొలువులో చేరి, ‘మలిక్ ఉత్ తుజ్జార్’ అంటే వర్తకులకు రాజు అనే బిరుదు పొందాడు. పసివాళ్ళయిన సుల్తానులు గద్దెనెక్కినప్పుడు రాజమాత ‘మఖ్దూమా ఎ జహాన్’ (మళ్ళీ మన అచ్చే!) నడిపిన పాలకమండలిలో వుండి, తర్వాత మూడవ మహమ్మద్ షాకు ప్రధానమంత్రి అయ్యాడు. 1472లో విజయనగరం నుంచి గోవాను గెలుచుకున్నాడు. ఆ రోజుల్లోనే బీదరుకు వచ్చిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్ తన రాతల్లో ఈ మంత్రి వైభవం గురించి చెప్పాడు.

యుద్ధాలు అందరూ చేశారు. గవాన్ ప్రత్యేకత పరిపాలనలో వుంది. అప్పటికి రాజ్యంలో నాలుగే రాష్ట్రాలు. ఒక్కొక్క అధిపతి చేతిలో పదుల కోటలు. యెప్పుడు తిరగబడతాడో తెలియదు. గవాన్ నాలుగింటినీ యెనిమిది చేశాడు. తెలంగాణ రాష్ట్రం వరంగల్లు, రాజమండ్రి అని రెండయింది. ఒక్కో అధిపతికి ఒక్క కోట మాత్రం వదిలి తక్కినవాటిలో సుల్తాను మనుషుల్ని పెట్టాడు. భూములు కొలిపించాడు. జాగీర్దారు యెంతమంది సైనికుల్ని పోషిస్తానని జీతం తీసుకుంటున్నాడో అంతమందిని లెక్కకు చూపించాలన్నాడు. లేనివాళ్ళ పేరున జీతాలు తినడం అలవాటైనవారికి ఇది యెలా వుంటుందో వేరే చెప్పాలా?

1472 నాటికి బీదరులో ఆయన మదర్సా పూర్తయింది. మూడంతస్తుల భవనం, నీలం ఆకుపచ్చ గాజుపలకల పనితనం, అధ్యాపకులకూ విద్యార్థులకూ అక్కడే గదులు. మూడువేల గ్రంథాలుండేవని చెబుతారు. గవాన్ స్వయంగా పారసీలో మంచి రచయిత. ఆయన ఉత్తరాల సంపుటి ‘రియాజుల్ ఇన్షా’ నేటికీ నిలిచి వుంది. ఔరంగజేబు సైన్యం ఆ మదర్సాను మందుగుండు గోదాముగా వాడుకోగా 1690లలో అది పేలి సగం కూలింది. ముఖద్వారం వైపు రెండు మినార్లలో ఒకటే మిగిలింది. హైదరాబాదు నుంచి మూడు నాలుగు గంటల ప్రయాణం. విహారయాత్రకు మైసూరు, ఊటీ తప్ప మరో ఊరు తోచని మన సంఘ కార్యవర్గం ఒక్కసారి బీదరు గురించి కూడా ఆలోచించవచ్చు.

అధికారం తగ్గిన సర్దారులు ఊరుకోలేదు. తెలంగాణ అధిపతి మలిక్ హసన్ వారికి పెద్ద. గవాన్ ముద్ర వుండే నౌకరును లోబరచుకుని ఖాళీ కాగితం మీద ముద్ర వేయించారు. దాని మీద, ఒరిస్సా గజపతి పురుషోత్తమదేవుణ్ణి దండెత్తి రమ్మని గవాన్ పిలుస్తున్నట్టు జాబు రాశారు. సుల్తాను అప్పుడు కొండపల్లి విడిదిలో వున్నాడు. మద్యం మత్తులో కూడా వున్నాడు. జాబు చూపించారు. గవాన్‌ను పిలిపించి, యజమానికి ద్రోహం చేసినవాడికి శిక్ష యేమిటని అడిగాడు. కత్తివేటు అన్నాడు గవాన్. జాబు ముందుంచితే, ముద్ర నాదే, రాత నాది కాదు అని చెప్పాడు. విచారణ లేదు. 1481 యేప్రిల్ 5న డెబ్బై యేళ్ళు దాటిన మంత్రి తల తీశారు. తర్వాత ఇల్లు సోదా చేస్తే మంత్రి దగ్గర దాచిన ధనం పెద్దగా యేమీ లేదని తేలింది. సుల్తాను పశ్చాత్తాపంతో మరింత తాగి యేడాది తిరక్కుండానే పోయాడు.

ఇప్పుడు చూడండి. మహమ్మద్ షా మహమూద్ గవాన్‌ను చంపించాడు. మహమ్మద్ షా తర్వాత గద్దెనెక్కిన కొడుకు మహమూద్ షా. రెండు పేర్లూ ఒకటేననుకునేవాడికి ఈ కథ యెలా అర్థమవుతుంది? ఆ మహమూద్ షా 1482 నుంచి 1518 వరకు పేరుకు సుల్తాను. గవాన్ కట్టుదిట్టం చేసిన రాజ్యం ఆయన కళ్ళముందే బిజాపూర్, అహ్మద్‌నగర్, బేరార్, గోల్కొండగా విడిపోయింది. అహ్మద్‌నగర్ స్థాపించింది కుట్రదారు మలిక్ హసన్ కొడుకు అహ్మద్. పేరులో మళ్ళీ అదే హ–మ–ద. తెలంగాణ మీదకు అధికారిగా వచ్చిన కులీ కుతుబుల్ ముల్క్ గోల్కొండ కుతుబ్‌షాహీలకు మూలపురుషుడు. హైదరాబాదు కథకు మొదటి పుట అక్కడుంది. ఈ గవాన్ మీద సమగ్రమైన పుస్తకం రాసింది మన ఉస్మానియా చరిత్రాచార్యుడు హరూన్ ఖాన్ షేర్వానీ, 1942లో వచ్చింది.

దగ్గరి కాలానికి వద్దాం. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కొడుకు సయ్యద్ మహమూద్ 1887లో అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. భారతీయ ముస్లిములలో ఆ పదవి మొదట అందుకున్నది ఆయనే. తోటి దొరలతో విభేదించి విడిగా రాసిన తీర్పులే ఆయనకు పేరు తెచ్చాయి. దేవబంద్ పండితుడు మహమూద్ హసన్ బ్రిటిషువారికి వ్యతిరేకంగా పనిచేసి, 1916 చివర మక్కాలో పట్టుబడి, మాల్టా దీవిలో బందీగా వుండి 1920లో తిరిగివచ్చాడు. ఆ అక్టోబరులో జామియా మిలియాకు పునాది పడ్డది ఆయన చేతుల మీదుగానే, నవంబరులో కన్నుమూశాడు. కైరోలో శిల్పి మహమూద్ ముఖ్తార్ వున్నాడు. సింహిక పక్కన మేలిముసుగు తొలగిస్తున్న పల్లెపడుచు శిల్పం, ‘ఈజిప్టు మేలుకొలుపు’, 1928లో ఆవిష్కరించారు. 1955 నుంచి అది కైరో విశ్వవిద్యాలయానికి దారితీసే చోట నిలబడి వుంది. హిందీ హాస్యనటుడు మహమూద్‌ను చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. 1965 నాటి ‘గుమ్‌నామ్’లో ఆయన పలికించిన మన హైదరాబాదీ యాసను దేశమంతా అనుకరించింది. మన యాస మీద మనం మాత్రం ఇంకా కొంచెం సిగ్గుపడుతూనే వున్నాం.

చివరిగా పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్. 1941లో గలిలీలోని అల్ బిర్వా గ్రామంలో పుట్టాడు. 1948 యుద్ధంలో కుటుంబం లెబనాను పారిపోయింది. మరుసటి యేడు తిరిగివచ్చేసరికి ఊరు లేదు, నేలమట్టం చేశారు. జనాభా లెక్క జరిగిన వేళకు లేరు కాబట్టి వాళ్ళు స్వదేశంలో వుండీ లేనివారి కింద జమ. ఇరవై మూడేళ్ళ వయసులో, 1964లో, ఆయన రాసిన ‘గుర్తింపు కార్డు’ అనే కవిత అరబ్బు దేశాలన్నిటా మారుమోగింది. పేరు, కార్డు నంబరు, పిల్లల సంఖ్య అడిగే గుమాస్తాకు ఒక రాతిగని కూలీ ఇచ్చే జవాబు అది. 2008 ఆగస్టు 9న అమెరికాలోని హ్యూస్టన్‌లో గుండె ఆపరేషను తర్వాత చనిపోయాడు. రామల్లాలో సమాధి చేశారు.

అంతకు పదేళ్ళ ముందు మరో గుండె ఆపరేషనులో చావు అంచుదాకా వెళ్ళివచ్చి ‘జిదారియ్యా’ అనే దీర్ఘకావ్యం రాశాడు, 2000లో వెలువడింది. ఊరు పోయింది, ఇల్లు పోయింది, ఇక నాదంటూ యేముందని లెక్కలు చూసుకుంటూ, చివర తన పేరు దగ్గరికి వస్తాడు. మీమ్, హా, మీమ్, వావ్, దాల్: మహమూద్ అనే మాటలోని అయిదక్షరాలనూ విడదీసి, ఒక్కొక్క అక్షరం కింద ఆ అక్షరంతో మొదలయ్యే మాటలతో తన జీవితాన్ని పేరుస్తాడు.